ఉండాయా, ఉండారా

రామక్క ఇప్పుడు ఇంటింటికీ తిరగడం లేదు. రెండేళ్ల కిందటి దాకా, కాలువకు నీళ్లు వదిలారంటే, పొద్దు వాలేసరికి ఆమె చెప్పుల చప్పుడు వీధి మొదట్లోనే వినబడేది. ప్రతి గడప దగ్గరా నిలబడి రేపు ఎవరి మడిలో నాట్లో, ట్రాక్టరు ఎక్కడికి వస్తుందో చెప్పేది. పనిలో పనిగా ఎవరి మోకాలు ఎలా ఉందో, ఏ ఇంట్లో ఏం కూరో కూడా కనుక్కొని పోయేది. ఇప్పుడు ఫోన్లో గుంపు ఉంది. నాట్లకు పోయే ఆడవాళ్లు ముప్పై నాలుగు మంది. మేస్త్రి రామక్క తన మంచం మీద కూర్చొని ఒక్కసారి మాట్లాడితే ముప్పై నాలుగు ఇళ్లలో పలుకుతుంది. రాసి పంపే ఓపిక ఎవరికీ లేదు. ఇంట్లో మాట తెలుగు, బడిలో నేర్చిన అక్షరం కన్నడం. తెలుగు మాటను కన్నడ అక్షరాల్లో కూర్చేసరికి పొయ్యి మీద అన్నం అడుగంటుతుంది. అందుకే సిరుగుప్పలోని ఆ వీధిలో అందరూ గొంతుతోనే పంపుకుంటారు.

నేత్రావతి ఏడో తరగతి దాకా చదివింది. ఆ గుంపులో అదే పెద్ద చదువు. ఆమెకు మొదటి నుంచీ భయం ఎక్కువ. ఫోన్ కొన్నాక ఆ భయానికి ఆకారాలు వచ్చాయి. ఇదివరకు మొగుడు ఈరేష్ మిల్లు నుంచి ఆలస్యంగా వస్తే, ఏదో అయ్యుంటుంది అనుకునేది. ఇప్పుడు ఏమై ఉంటుందో బొమ్మలతో సహా కనిపిస్తుంది. లారీ బోల్తా పడింది, కరెంటు తీగ తెగింది, బియ్యం బస్తాల దొంతర కూలింది. ఇవన్నీ ఎక్కడెక్కడో జరిగినవి. ఎవరెవరో పంపినవి. ఆ వారంలో అయితే పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ల వీడియోలు వరసగా వచ్చాయి. ఒకదాంట్లో గోనెసంచి విప్పితే లోపల ఇద్దరు చిన్నపిల్లలు. ఏ ఊరో లేదు, ఏ రోజో లేదు. నేత్రావతి దాన్ని నాలుగుసార్లు చూసింది. ప్రతిసారీ ఆ సంచిలో తన ప్రసన్నలక్ష్మి ముఖం ఉందేమోనని చూసింది.

సోమవారం ఆమె నాట్లకు పోలేదు. ఎనిమిదేళ్ల ప్రసన్నలక్ష్మికి ముందురోజు నుంచి ఒళ్లు వెచ్చగా ఉంది. మధ్యాహ్నం పాపను గడప మీద నీడలో కూర్చోబెట్టి, లోపల చట్నీకి శెనక్కాయలు మిక్సీలో వేసింది. గిర్రుమనే చప్పుడులో బయట ఎవరో మాట్లాడుతున్నట్టు తోచి మిక్సీ ఆపింది. ఆ నిశ్శబ్దంలో ఒక ఆడగొంతు స్పష్టంగా వినబడింది.

"పాపా, మీ ఇంట్లో పిల్లలుండాయా? ఎన్నుండాయి? తల్లి వద్దులే, పిల్లలే కావాల నాకు."

నేత్రావతి చేతిలోని మిక్సీ గిన్నె గట్టు మీద పెట్టిందో కింద పెట్టిందో ఆమెకే తెలియదు. మూడంగల్లో గడప దగ్గరికి వచ్చి పాప రెక్క పట్టి లోపలికి లాగింది. వీధిలో ఒక నడివయసు మనిషి నిలబడి ఉంది. నెత్తిన గంప, గంప మీద పాత చీర ముక్క కప్పి ఉంది. ఎండకు కళ్లు చికిలించి నేత్రావతిని చూసి ఏదో చెప్పడానికి నోరు తెరిచింది. నేత్రావతి తలుపు వేసి గడియ పెట్టింది. కిటికీ సందులోంచి చూస్తే ఆమె కాసేపు అట్లాగే నిలబడి, గంప సర్దుకొని, నిదానంగా పక్క వీధి వైపు నడిచింది. ఆ నిదానమే నేత్రావతికి మరింత భయం పుట్టించింది. ఏ తప్పూ లేని మనిషి అయితే తలుపు మొహాన వేసినందుకు నాలుగు మాటలు తిట్టి పోయేది కదా అనుకుంది.

చెమట పట్టిన చేతిని చీరకు తుడుచుకొని, గుంపు తెరిచి, మైకు బొమ్మ మీద బొటనవేలు నొక్కిపట్టింది.

"అక్కా, అందరూ ఇనండి. ఇప్పుడే మా ఇంటికాడికి ఒక ఆడమనిషి వచ్చినాది. నెత్తిన గంప, పైన గుడ్డ. మా పాపను పిల్చి, మీ ఇంట్లో పిల్లోళ్లు ఎంతమంది ఉండారు, తల్లి వద్దు, పిల్లోళ్లే కావాల అనింది. నా చెవులారా ఇన్నా. మీ పిల్లోళ్లను బయటికి ఇడ్సొద్దండి. హుషారు."

పేరు చెప్పలేదు. చెప్పే పని లేదు. గుంపులో అందరికీ ఆమె గొంతు తెలుసు.

*

మంగళవారం పాపను మూడిళ్ల అవతల ఉన్న అత్త దగ్గర వదిలి నాట్లకు పోయింది. మడి కాలువ పక్కనే. మోకాలి లోతు బురద. నారు కట్టల్ని మగవాళ్లు దూరందూరంగా విసిరి పోయారు. ఆడవాళ్లు వరసగా వంగి, ఎడమ చేతిలో నారు పట్టుకొని, కుడిచేతి బొటనవేలితో చూపుడువేలితో మూడేసి మొక్కలు తీసి బురదలో గుచ్చుతూ వెనక్కి అడుగులు వేస్తున్నారు. గుచ్చిన ప్రతిసారీ నీళ్లలో చిన్న చప్పుడు. ముప్పై మంది చేతులు ఒక్కలాగే లేస్తూ పడుతూ ఉంటే, ఎవరి చేయి ఆగినా పక్కవాళ్లకు తెలిసిపోతుంది. ఫోన్లన్నీ ప్లాస్టిక్ కవర్లలో, గట్టు మీద అన్నం సంచుల్లో ఉన్నాయి.

ఆరోజు నేత్రావతికి పెద్దరికం వచ్చింది. వంగినవాళ్లు వంగినట్టే ఆమెను పలకరించారు. నీవల్లే మా పిల్లోళ్లను కాపాడుకున్నాం అంది ఒకామె. అనంతపురంలో ఉన్న మా చెల్లెలికి పంపినా అంది ఇంకొకామె. మా మరిది మిల్లు గుంపులో ఏసినాడు అంది మూడో ఆమె. నిన్నటి దాకా, భయపడితే చాలు "అదో, నేత్రావతికి మళ్లీ వచ్చింది" అని నవ్వినవాళ్లే వీళ్లంతా. తన భయానికి మొదటిసారి విలువ వచ్చినందుకు లోపల కాస్త హాయిగా అనిపించింది. ఆ హాయి ఎంతోసేపు లేదు.

అన్నం వేళ గట్టు మీద కూర్చొని ఫోన్ తీస్తే, ఎమ్మిగనూరులో ఉన్న ఆడబిడ్డ కావేరి పంపిన మెసేజి ఉంది. నొక్కగానే తన గొంతే పలికింది. అయితే గొంతు కింద ఎవరో కన్నడంలో రాశారు: మక్కళ కళ్ళి. పిల్లల దొంగ. దానికి ఒక ఫోటో కూడా అతికించారు. ఫోటోలో ఉన్నది నేత్రావతి చూసిన మనిషి కాదు. ఎవరో లావుపాటి ఆడమనిషి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. కావేరి అడిగింది, వదినా, ఇది నీ గొంతు మాదిరే ఉందే అని.

నేత్రావతి అన్నం సంచి మూసి పక్కన పెట్టింది. తను దొంగ అనలేదు. ఫోటో పెట్టలేదు. హుషారుగా, జాగ్రత్తగా ఉండమంది, అంతే. కావేరికి ఆ సంగతి చెబుదామని నొక్కి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక వేలు తీసేసింది. మళ్లీ మడిలోకి దిగింది. ఆ మధ్యాహ్నం ఆమె నాటిన వరస రెండుసార్లు వంకర పోయింది. రామక్క గట్టు మీంచి కేకేస్తే పీకి మళ్లీ నాటింది.

*

బుధవారం పొద్దున ట్రాక్టరు ట్రాలీలో అందరూ ఎక్కాక, ఎవరూ మాట్లాడుకోకపోవడం నేత్రావతి గమనించింది. ముందు వరసలో నలుగురు ఒకే ఫోన్ మీద తలలు ఆనించి చూస్తున్నారు. అందులో మగవాళ్ల అరుపులు. నేత్రావతి వంగి చూసింది.

కాలువ అవతల ఏదో ఊరి బస్టాపు. సోమవారం తన గడప ముందు నిలబడిన మనిషినే, కరెంటు స్తంభానికి ఆమె చీర కొంగుతోనే కట్టేశారు. జుట్టు విడిపోయింది. ఒక చెవి కింద నెత్తురు మెడ దాకా కారింది. చుట్టూ చేతులు, ప్రతి చేతిలో ఫోన్. ఎవరో తన ఫోన్ ఎత్తి పెద్దగా వినిపిస్తున్నాడు. "నా చెవులారా ఇన్నా" అంటోంది నేత్రావతి గొంతు. ఆ గొంతు మీదుగా కట్టేసిన మనిషి అరుస్తోంది.

"కోడిపిల్లలప్పా. కోడిపిల్లలు కొంటాను నేను. గంప చూడండప్పా."

గంప పక్కనే బోర్లాపడి ఉంది. దాని కింద నుంచి నల్లవీ గోధుమరంగువీ చిన్న చిన్న పిల్లలు బయటికి వచ్చి మనుషుల కాళ్ల మధ్య పరిగెత్తుతున్నాయి. కొన్ని పరిగెత్తడం లేదు.

ట్రాలీ గతుకులో పడింది. నేత్రావతి ఇనుప కమ్మీ పట్టుకుంది. ఆ కుదుపులో మిక్సీ ఆగిన ఆ క్షణం తిరిగి వచ్చింది. గొంతు స్పష్టంగా, తొందర లేకుండా, గుమ్మంలో కూర్చున్న పాపతో నవ్వుతున్నట్టు. పిల్లలుండాయా. ఎన్నుండాయి.

ఉండాయా అంది. ఉండారా అనలేదు. ఎన్ని అంది. ఎంతమంది అనలేదు. మనుషుల బిడ్డల్ని ఈ సీమలో ఎవరూ 'ఉండాయి' అనరు. గొర్రెలను, కోళ్లను, పాత్రలను అంటారు. బిడ్డలైతే పిల్లోళ్లు అంటారు. తనకు మాటలు వచ్చిన నాటి నుంచీ నోటికి తెలిసిన తేడా అది. చెవి సరిగ్గానే విన్నది. భయం ఆ మాటను లోపలికి తీసుకుపోయి, మనుషుల మాటగా మార్చి, నోటికి అందించింది. అబద్ధం చెప్పాలని అనుకోలేదు. నిజం చెబుతున్నానని గట్టిగా నమ్మి, మూడు మాటలు మార్చింది.

ఆరోజు నాట్లు ఎట్లా ముగిశాయో ఆమెకు గుర్తు లేదు. పొద్దు వాలకముందే ఈరేష్ మిల్లు నుంచి ఇంటికి వచ్చేశాడు. మిల్లులో హమాలీలంతా ఇదే మాట్లాడుకుంటున్నారట. ఆ మనిషి పేరు ఎల్లక్క. కోడిపిల్లలు కొని సంతలో అమ్ముకుంటుంది. కొట్టినవాళ్లలో ఆరుగురిని పోలీసులు పట్టుకున్నారు. వాళ్లంతా ఒకటే చెబుతున్నారు. మేం సుమ్మనే ఊరికే కొట్టలేదు, ఒక తల్లి చెవులారా విన్నది, ఇదో ఆమె మాట, అని. పిల్లల్ని అడిగింది నిజమో కాదో తేలేదాకా ఎల్లక్కను కూడా ఇంటికి పంపడం లేదట. ఆ గొంతు ఎవరిదని మిల్లు దాకా వచ్చి అడిగి పోయారట.

ఈరేష్ ఇదంతా గోడకు చెబుతున్నట్టు చెప్పాడు. చెప్పి, ఆమె ఫోన్ తీసుకొని ఆ మెసేజి తుడిచేశాడు.

"నువ్వు ఏమీ పంపలేదు. ఎవురన్నా అడిగితే నీకు తెల్దు. అర్థమాయ్తా?"

"ఆయమ్మ పిల్లలుండాయా అనిందప్పా. నేను ఉండారా అని చెప్పినా."

"ఏందన్నా కానీ మే. నిన్ను లోపలేస్తే పాప గతేంది?"

రామక్క కూడా గుంపులో చెప్పింది, అందరూ తుడిచేయండి, ఎవరు అడిగినా మన గుంపులో అట్లాంటిది రాలేదని చెప్పండి అని. ముప్పై మూడు మంది సరేనన్నారు. ఇంతమంది ఒక్కమాట మీద నిలబడి తనను కాపాడడం నేత్రావతి జీవితంలో ఎప్పుడూ చూడలేదు. గండం గడిచిందని నిశ్చింతగా ఉండాలి. ఉండలేకపోయింది. పొయ్యి ముందు కూర్చొని రొట్టె తడుతూ ఉంటే చేతి కింద పిండి చప్పుడు కూడా ఎవరినో కొడుతున్నట్టే ఉంది.

రొట్టె పెనం మీద వదిలేసి మళ్లీ మైకు బొమ్మ నొక్కింది. తను విన్నది వేరు, చెప్పింది వేరు, ఆయమ్మ అడిగింది పిల్లలుండాయా అని, మాట మార్చింది తనేనని చెప్పింది. దీన్ని అందరికీ పంపండి, ముందుదాన్ని పంపినవాళ్లందరికీ పంపండి, అని రెండుసార్లు బతిమాలింది. పంపి చూస్తూ కూర్చుంది. టిక్కులు నీలం అయ్యాయి. ఒకరు విన్నారు, ఇద్దరు విన్నారు, పదకొండు మంది విన్నారు. ఒక్కరూ మాట్లాడలేదు. తర్వాత ఆ మెసేజి ఉన్నచోట చిన్న అక్షరాల్లో ఒక గీత మిగిలింది. అడ్మిన్ తొలగించారు, అని.

రామక్క వెంటనే ఫోన్ చేసింది. కోపంగా లేదు. మెల్లగా అంది, నీకోసమే తీసేసినా నేత్రావతీ, నీ నోటితో నువ్వే ఉరి వేసుకుంటాండావు, పడుకో పో.

*

గురువారం నేత్రావతి ట్రాక్టరు ఎక్కలేదు. పాపకు జ్వరం తగ్గింది. బడికి పంపి, ఉతికిన చీర కట్టుకొని, ఎవరికీ చెప్పకుండా ఠాణాకు నడిచింది. దారి పొడవునా ఏం జరుగుతుందో అంతా ముందే చూసుకుంటూ పోయింది. లోపలికి అడుగు పెట్టగానే చేతులకు సంకెళ్లు. ఫోటో తీస్తారు. ఆ ఫోటో బడి ముందర అందరి ఫోన్లలో తిరుగుతుంది. ప్రసన్నలక్ష్మి పక్కన ఎవరూ కూర్చోరు. రెండుసార్లు ఆగింది. రెండోసారి ఒక అంగడి నీడలో చాలాసేపు నిలబడింది. అంగడామె ఏం కావాలమ్మా అని అడిగితే, ఏమీ వద్దని నడవడం మొదలుపెట్టింది.

లోపల బల్ల మీద ఎల్లక్క కూర్చొని ఉంది. ఒక చెవికి తెల్లటి కట్టు. వీడియోలో కనబడినంత పెద్ద మనిషి కాదు. పాదాలు నేలకు సరిగా ఆనడం లేదు. ఆమె నేత్రావతిని చూసి గుర్తుపట్టింది.

రాసుకునే ఉద్యోగి పేరు హంపన్న. రిటైరు కావడానికి దగ్గర పడిన మనిషి. నేత్రావతి చెప్పింది విని, తలెత్తి, ఆమెను పైనుంచి కింది దాకా చూశాడు. సంకెళ్లు వేయలేదు. కుర్చీ చూపించాడు.

"రెండు దినాలుగా ఈ గొంతు కోసం తిరుగుతాండాం. నీవేనని ఏం గురుతు?"

నేత్రావతి ఆ మెసేజిని మొదటి నుంచి చివరిదాకా ఒక్క అక్షరం తప్పకుండా అప్పజెప్పింది. మూడు రోజుల్లో వందసార్లు విన్నది అది. హంపన్న తల ఊపాడు. ఆమె చెప్పేది తన ఫోనుకు వినిపిస్తే అదే కన్నడంలో రాసిపెడుతుందని, ఇప్పుడన్నీ అట్లాగే చేస్తున్నామని చెప్పి, ఫోన్ ఆమె ముందర పెట్టాడు. ఎల్లక్క ఆరోజు నిజంగా ఏమని అడిగిందో చెప్పమన్నాడు.

నేత్రావతి గొంతు సవరించుకొని నిదానంగా చెప్పింది. "పిల్లలుండాయా? ఎన్నుండాయి? తల్లి వద్దులే, పిల్లలే కావాల నాకు."

తెర మీద కన్నడ అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి. నేత్రావతి ఏడో తరగతి చదువు అక్కడ పనికి వచ్చింది. ఎష్టు మక్కళు ఇద్దారె, ఎంతమంది బిడ్డలున్నారు, అని రాసింది ఫోన్. మళ్లీ మక్కళే. మనుషుల బిడ్డలే. తను చేసిన తప్పే అది కూడా చేసింది, భయమంటూ లేకుండానే.

నేత్రావతి ఫోను దగ్గరికి జరుపుకుంది. ఇంకోసారి చెప్పింది, గట్టిగా, ఉండాయా అన్న మాటను ఒత్తి. ఫోన్ మళ్లీ అదే రాసింది. ఇది ఇట్లాగే తిరుగుతుందా, ఎంతమంది చెప్పినా, ఎన్నిసార్లు చెప్పినా, అనుకుంది. హంపన్న అద్దాలు తీసి తుడుచుకుంటూ, నాకు అర్థమాయ్తమ్మా, నేను చేత్తో రాస్తాలే, అన్నాడు. రాశాడు. కోళి మరి, అంటే కోడిపిల్ల, అని కాగితం మీద పెద్దగా రాసి, ఆమె చేత సంతకం పెట్టించాడు. ఎల్లక్కతో ఇంటికి పోవచ్చన్నాడు. నీ సంగతి పెద్ద సారు వచ్చినాక చెబుతాం, పిలిస్తే రావాల, అని నేత్రావతితో అన్నాడు. కేసు ఉంటుందో లేదో అతను చెప్పలేదు.

బయట వేపచెట్టు కింద ఎల్లక్క నిలబడి ఉంది. పోవచ్చని చెప్పినా పోలేదు. ఏ దారిన పోవాలో, ఏ ఊరి బస్టాపు దాటాలో చూసుకుంటున్నట్టు రోడ్డు అటూ ఇటూ చూస్తోంది. నేత్రావతి దగ్గరికి పోయి నిలబడింది. క్షమించమని అడుగుదామనే వచ్చింది. చివరికి, కాగితం మీద రాసినారక్కా, సరిగ్గా రాసినారు, అంది.

"కాగితం పట్టుకోని ఊరూరా తిరగల్నా నేను?" అంది ఎల్లక్క. "నీ మాట యాడయాడ పోయిందో ఆడకంతా పోవాల ఇది. ఫోన్ తియ్యి."

నేత్రావతి తీసింది. అక్కడే నేల మీద కూర్చొని, మైకు బొమ్మ నొక్కి, ఆ సోమవారం మధ్యాహ్నం నుంచి మొదలుపెట్టి చెప్పింది. మిక్సీ ఆపడం, వినబడిన మాట, తను భయంతో మార్చిన తీరు, అన్నీ వరసగా. ముగించి పంపబోతుంటే ఎల్లక్క చేయి అడ్డం పెట్టింది.

"ముందు నాకు ఇనిపించు."

ఫోన్ తీసుకొని అలవాటుగా కట్టు ఉన్న చెవి దగ్గరికి తెచ్చింది. నొప్పికి ముఖం ముడుచుకొని రెండో చెవికి మార్చుకుంది. చివరిదాకా విన్నది.

"ఇట్ల కాదు. మొదట్లో మిక్సీ ఎవురికి కావాల? కోడి అనే మాట ముందర పెట్టు. కొన దాకా ఎవురూ ఇనరు. నువ్వు కూడా నన్ను ఇనలేదు కదా."

నేత్రావతి చెప్పినదాన్ని తుడిచేసింది. తర్వాత ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"కోడి. కోడిపిల్లలు అడిగినాది ఎల్లక్క. మన పిల్లోళ్లను కాదు. తప్పు చెప్పింది నేను. నా పేరు నేత్రావతి, ఈరేష్ పెండ్లాన్ని, సిరుగుప్ప. ఆ గొంతు నాదే, ఈ గొంతూ నాదే."

ఎల్లక్క మళ్లీ విన్నది. "ఊ," అంది. "ఇప్పుడు పంపు."

నేత్రావతి తనకున్న ప్రతి గుంపులోనూ, ప్రతి పేరుకూ పంపింది. ముందు కావేరికి, తర్వాత బడి గుంపుకు, తర్వాత మిల్లువాళ్లకు, చివర రామక్క గుంపుకు. ఎల్లక్క పక్కనే కూర్చొని ఫోన్‌ను తన అరచేతిలోకి తీసుకుంది. ఆమెకు చదవడం రాదు. ఎవరైనా విన్నారా అని అడిగింది. ఒకరు విన్నారని నేత్రావతి చెప్పింది. కొనదాకా విన్నారా అని అడిగింది. అది తెలియదు, ఫోన్ చెప్పదు, అంది నేత్రావతి. ఇద్దరూ తెర వైపు చూస్తూ కూర్చున్నారు.